ఇసోగిరి వంటగది గొట్టం

తోబిసాకి రేవులో చీకటి పడ్డాక అలల గోడ వైపు ఎవరూ వెళ్లరు. పగలు అక్కడే వలలు ఆరేస్తాం, అక్కడే కూర్చుని పక్కవాళ్ల ఇళ్ల సంగతులు మాట్లాడుకుంటాం. పొద్దు గుంకిందంటే ఆ వైపు తల కూడా తిప్పం.

మా అలల గోడ రాళ్లతో కట్టింది కాదు. అదొక యుద్ధనౌక. పేరు ఇసోగిరి. యుద్ధం ఓడిపోయాక దాని ఫిరంగులూ ఇంజన్లూ పీకేసి, పొట్టలో బండరాళ్లు నింపి, రేవు మూతి దగ్గర అలలకు అడ్డంగా కూర్చోబెట్టారు. పక్క ఊళ్లకు సిమెంటు గోడలు వచ్చాయి. మాకు దెయ్యమున్న ఓడ వచ్చింది. మా ఊరి పలుకుబడి అలాంటిది.

పోటు ఎక్కే వేళ దాని లోపల్నుంచి గొంతు వినిపిస్తుందని చెప్పుకుంటారు. మొదట ఒక నిట్టూర్పు... తర్వాత ఏదో గొణుగుడు... ఆ తర్వాత ఎవరో ఎవర్నో పిలుస్తున్నట్టు —

స్క్విడ్ వేటనుంచి తిరిగి వస్తూ ముసలి గొరొబె ఆ గొంతు విన్నాడు. విన్నవాడు తెడ్డు గట్టిగా వెయ్యొచ్చు కదా. పడవలోంచి దూకి ఒడ్డుకు ఈదుకొచ్చాడు. పడవ తెల్లారాక దానంతటదే వచ్చింది. అతన్ని చూసి రేవంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వినవాళ్లెవరూ ఆ వారం రాత్రి వేటకు వెళ్లలేదు. నేనూ నవ్వాను, నేనూ వెళ్లలేదు.

ఆ గొంతు ఎవరిదో మాకు అనుమానం లేదు. తొమెకిచి మా ఊరివాడు. ఇసోగిరిలో బాయిలర్లు చూసేవాడు. దక్షిణ సముద్రంలో బాంబు పడి ఆ బాయిలర్ గదిలోనే పోయాడు. అతని భార్య మినెకు తెల్లగుడ్డ చుట్టిన పెట్టె ఒకటి వచ్చింది. అందులో ఎముక కూడా లేదు, అతని పేరు రాసిన చెక్కముక్క ఉంది. చెక్కముక్కను పట్టుకుని ఎలా ఏడవాలో తెలియక ఊరికే కూర్చుండిపోయానని మినె ఒకసారి అంది. నలుగురిలో ఆమె దాని గురించి మాట్లాడింది ఆ ఒక్కసారే.

అయితే ఈ కథ తొమెకిచిది కాదు, కన్‌సుకెది. అతని నోటితో విన్నదే చెబుతున్నాను. కాస్త అటూ ఇటూ అయితే తప్పు అతనిదే.

కన్‌సుకె ఆ ఓడలో వంటవాడు. మా ఊరివాడు కాదు. ఓడను ఇక్కడికి లాక్కొచ్చినప్పుడు దాని మీద మిగిలిన కొద్దిమందిలో ఒకడు. సొంతూళ్లో ఇల్లు బాంబులకు కాలిపోయింది, వెళ్లడానికి ఎక్కడా లేదు. ఓడతోపాటు తననీ ఇక్కడే ముంచేశారని చెప్పుకుంటాడు. రేవు దగ్గర నూడుల్స్ బండి పెట్టుకున్నాడు. సోబా చేస్తాడు, ఉడోన్ చేస్తాడు, అన్నం మాత్రం వండడు. ఎందుకని అడిగితే అన్నానికి బొగ్గు దండగని మాట దాటేస్తాడు.

సాయంత్రాలు బండి దగ్గర చేరినవాళ్లకు ఇసోగిరి ఘనకార్యాలే కాలక్షేపం. ఎన్ని ఓడల్ని ముంచారని అడిగితే, మమ్మల్ని మేం ముంచుకోలేదు, అది చాలదా అంటాడు కన్‌సుకె.

పేరుకు విధ్వంసక నౌక. మొట్టమొదటి ప్రయాణంలో అది ధ్వంసం చేసింది సొంత రేవులోని చెక్క వంతెనని. ఆ తర్వాత ఒక రాత్రంతా శత్రువుల జలాంతర్గామి అనుకుని తిమింగలం మీద బాంబులు విసిరింది. తిమింగలం విసుగెత్తి వెళ్లిపోయింది. నౌకాదళంలో ఏ పనికైనా ఐదు నిమిషాల ముందే సిద్ధంగా ఉండాలని నియమం. స్నానానికీ భోజనానికీ చివాట్లకూ అన్నిటికీ ముందే ఉండేవాళ్లట, యుద్ధానికి తప్ప. పెద్ద యుద్ధం జరిగే చోటికి వీళ్లు చేరేసరికి నీళ్ల మీద నూనె మరకలు తప్ప ఏమీ మిగల్లేదు.

తర్వాత బియ్యం మోసే పని పడింది. దీవుల్లో చిక్కుకుని ఆకలితో మాడుతున్న సైనికుల కోసం పీపాల్లో బియ్యం నింపి, తాళ్లతో కట్టి, చీకట్లో సముద్రంలోకి తోసేసి, తెల్లారేలోగా పరుగో పరుగు. దానికి నావికులే పెట్టుకున్న పేరు ఎలుకల రవాణా. అలాంటి పరుగులోనే బాంబు పడింది. ఓడ ఈడ్చుకుంటూ ఇల్లు చేరింది, తొమెకిచి చేరలేదు.

యుద్ధం అయ్యాక, అలల గోడ కాకముందు, దానికి ఇంకో ఉద్యోగం దొరికింది. పరాయి దేశాల్లో మిగిలిపోయిన మనవాళ్లను ఇంటికి చేర్చడం. ఫిరంగులున్న చోట చంటిపిల్లల గుడ్డలు ఆరేసుకుని సముద్రాలు దాటింది. బతుకులో అది చేసిన మంచి పని అదొక్కటే, అదీ ఫిరంగులు పోయాకే, అని చెప్పేటప్పుడు మాత్రం కన్‌సుకె నవ్వడు.

మినె రేవులో చేపలు ఏరే పనికి వచ్చేది. పని దిగి వెళ్తూ బండి దగ్గర ఆగి ఒక గిన్నె సోబా తినేది. ఆమె గిన్నెలో ఉల్లికాడలు ఎక్కువ పడుతున్నాయని ఊరంతటికీ తెలుసు. మాకు తెలుసని తెలియనివాడు కన్‌సుకె ఒక్కడే. చివరికి వసంతకాలంలో ఒక రోజు, గిన్నె అందిస్తూ గిన్నెతోనే మాట్లాడుతున్నట్టు, పెళ్లి చేసుకుందామా అని అడిగాడు.

మినె తినడం ఆపలేదు. తిని, గిన్నె కింద పెట్టి, అప్పుడు చెప్పింది.

"కాదనను. కానీ ఆయన అక్కడే ఉన్నాడని ఊరంతా అంటోంది కదా. డ్యూటీ దిగమని ఆయనకెవరూ చెప్పలేదేమో. ఆయన అక్కడ ఆవిరి పట్టుకుని కూర్చుంటే, నేనిక్కడ ఇంకో కాపురం ఎలా పెట్టను చెప్పండి?"

తనే వెళ్లి తొమెకిచిని అడగాలని కన్‌సుకె ఆ రాత్రే నిశ్చయించుకున్నాడు. నిశ్చయించుకోవడంలో అతన్ని మించినవాడు లేడు. ఒక రోజు వాన అన్నాడు, ఒక రోజు వెన్నెల మరీ ఎక్కువుందన్నాడు, ఇంకో రోజు బొత్తిగా లేదన్నాడు, మరోసారి కాలి బొటనవేలు నొప్పన్నాడు. అలా వేసవి వచ్చింది. బోన్ పండుగ వెళ్లగానే అన్నగారింటికి వెళ్లిపోతున్నానని, ఇక అక్కడే ఉండిపోతానని మినె చెప్పింది. ఆ పూట కన్‌సుకె మూడు గిన్నెల్లో ఉప్పుకు బదులు పంచదార వేశాడు. అందులో ఒకటి నాది.

బోన్ ఆఖరి రాత్రి. ఇళ్లకొచ్చిన పోయినవాళ్లను తిరిగి సాగనంపే రాత్రి. పుల్లల కాళ్లు గుచ్చి గుమ్మంలో పెట్టిన దోసకాయ గుర్రమెక్కి గబగబా వచ్చినవాళ్లు, అలాగే చేసిన వంకాయ ఆవు మీద వెనక్కి చూసుకుంటూ నెమ్మదిగా వెళ్తారు. రేవులో దీపాలు వదిలి అందరూ తలుపులు మూసుకున్నారు. అడగాలంటే ఇక ఈ రాత్రే అడగాలి.

ధైర్యం కోసం కన్‌సుకె రెండు గుక్కలు సాకె తాగాడు. ధైర్యం గుండెకు పోకుండా కాళ్లలోకి దిగింది. పోయినవాడి దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకూడదని ఒక గిన్నె సోబా మూటగట్టుకున్నాడు. ఒడ్డునుంచి ఓడ మీదికి వేసిన పలకను మూట పళ్లతో పట్టుకుని, చేతులూ మోకాళ్ల మీద పాకుతూ దాటాడు. చక్రవర్తి నౌకాదళ సైనికుడు అలా శత్రువు మీదికి పోవడం లోకంలో ఎవరూ చూడకపోవడం మంచిదైందని తనే అన్నాడు.

డెక్కు ఒక పక్కకు ఒరిగి ఉంది. తుప్పు పెచ్చులు కాళ్ల కింద నలుగుతున్నాయి. ఎక్కడో ఏదో గీరుతున్న చప్పుడు...

ఆగాడు.

చప్పుడూ ఆగింది.

పీతే అయ్యుంటుందని తనకు తాను చెప్పుకున్నాడు. చాలా పెద్ద పీత అయ్యుంటుందని కూడా అనుకున్నాడు. పొగగొట్టం మొదలు పక్కనుంచి తడుముకుంటూ వెళ్లి వంటగదిలో దూరాడు.

పెద్ద పెద్ద డేగిసాలు ఎప్పుడో పోయాయి. అవి కూర్చున్న చోట నేల మీద గుండ్రటి మచ్చలున్నాయి. గోడకు గొట్టం మాత్రం ఉంది. ఇత్తడి మూతి ఎవరో ఊడబీక్కుపోయారు, నల్లటి కన్నం మిగిలింది.

ఇసోగిరిలో అన్నం పొయ్యి మీద ఉడికేది కాదు. బాయిలర్ గదినుంచి వచ్చే ఆవిరితో ఉడికేది. అందుకే వంటగదినుంచి కింది బాయిలర్ గదిదాకా మాట్లాడుకోవడానికి ఆ గొట్టం. తెల్లవారకముందే కన్‌సుకె దానికి నోరు ఆనించి ఆవిరి అడిగేవాడు. గొట్టంలో పడితే ఎవరి గొంతైనా జలుబు చేసిన గొంతులాగే ఉంటుంది, మనిషిని పోల్చలేం. కాబట్టి అడిగేవాడు ఎక్కణ్నుంచో ముందు చెప్పాలి. విన్నవాడు విన్న మాటను తిరిగి అప్పజెప్పి, చివర 'యోసోరో' అనాలి. సరే, అలాగే సాగనీ అని దానర్థం.

తొమెకిచి ఆ యోసోరోకు ముందు సొంతంగా ఒక మాట కలిపేవాడు. అన్నం మాడ్చకురా వంటోడా, అని. కలపడానికి కారణం లేకపోలేదు. కన్‌సుకె తరచూ మాడ్చేవాడు. అడుగంటిన అన్నం తిని ఓడంతా అతన్ని తిట్టేది. ఆ సంగతి ఓడతోనే మునిగిపోయిందని మా ఊళ్లో అతను హాయిగా ఉన్నాడు.

గొట్టం దగ్గర వంగాడు. గొంతు పెగల్చుకున్నాడు.

"వంటగది నుంచి... బాయిలర్ గదికి."

ఎలుక కూసినట్టు వచ్చింది మాట.

కింద రాళ్ల మధ్య నీళ్లు గుటకలేస్తున్న చప్పుడు... అంతే.

ప్రాణం లేచొచ్చింది అతనికి. వచ్చాను, అడిగాను, ఎవరూ లేరు, ఇక ఇంటికి పోవచ్చు. సోబా మూట గొట్టం కింద పెట్టి, దండం పెట్టి, వెనక్కి తిరిగాడు —

"...ఎవరూ?"

గొట్టంలోంచే.

కన్‌సుకె కాళ్లు పారిపోయాయి గాని ఒళ్లు వాటితో వెళ్లలేదు. కూలబడ్డాడు. కూలబడింది సరిగ్గా సోబా మూట మీద.

"నేను... కన్‌సుకెని. వంట కన్‌సుకెని, తొమెకిచి అన్నా."

తర్వాత ఆ బొంగురు గొంతే, మెల్లగా —

"ఏం కావాలి?"

ఎన్నాళ్లనుంచో కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. మినె గురించి అన్నాడు. ఆమెకు నీ మీద గౌరవం తగ్గలేదన్నాడు. నువ్వు ఊఁ అంటే ఆమెను పెళ్లి చేసుకోవాలనుందని, ఊఁ అనకపోయినా కోపం తెచ్చుకోనని, నువ్వు మాత్రం కోపం తెచ్చుకోవద్దని గడగడా చెప్పేశాడు.

"ఎందుకు?" అంది గొంతు.

ఆమె పెట్టే ముల్లంగి ఊరగాయ బాగుంటుందన్నాడు. చలికాలం గదిలో ఒంటరిగా నిద్ర పట్టదన్నాడు. చెబుతుంటే తనకే రోత పుట్టింది. చచ్చినవాడి భార్యను ఊరగాయ కోసం అడుగుతున్నానా అనుకున్నాడు. తడిసిన నేల మీద, నూడుల్స్ మధ్య కూర్చుని, అసలు మాట అప్పుడు చెప్పాడు.

"అన్నా, నేనెందుకు బతికొచ్చానో నాకు తెలీదు. నాకంటే పనికొచ్చేవాళ్లందరూ పోయారు. ఆమె నవ్వినప్పుడు మాత్రం... బతికొచ్చినందుకు సిగ్గనిపించదు."

గొట్టంలో ఏదో వెక్కినట్టయింది.

దెయ్యం ఏడవడం అతను ఊహించలేదు. దెయ్యం తిడితే ఏం చేయాలో ఆలోచించుకున్నాడు గాని, ఏడిస్తే ఏం చేయాలో ఆలోచించలేదు. ఏమీ తోచక, పాత అలవాటున, లేచి నిటారుగా నిలబడ్డాడు. నెత్తి పైనున్న ఇనుప దూలానికి ఠంగున కొట్టుకుంది. అలాగే నిలబడి, పద్ధతి ప్రకారం అడిగాడు.

"వంటగది నుంచి బాయిలర్ గదికి. మినెను పెళ్లాడటానికి అనుమతి కావాలి."

నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

గొట్టంలోంచి గాలి తగిలింది చెంపకు. వెచ్చగా... తడిగా...

"మినెను పెళ్లాడటానికి అనుమతి." చెవి పక్కనే ఉన్నట్టుంది గొంతు. "అన్నం మాడ్చకురా, వంటోడా... యోసోరో."

ఆ తర్వాత వంటగదిలోంచి డెక్కు మీదికి ఎలా వచ్చాడో కన్‌సుకెకు తెలియదు. పొగగొట్టం మలుపు తిరిగాడో లేదో, ఎదురుగా తెల్లటి ఆకారం. ఆగే వేగం కాదది. వెళ్లి గుద్దుకున్నాడు. ఇద్దరూ కింద పడ్డారు. కన్‌సుకె కెవ్వుమన్నాడు. ఆకారం కూడా కెవ్వుమంది.

దెయ్యం తనను చూసి జడుసుకోవడమేమిటని అప్పుడు కళ్లు తెరిచాడు. మినె. తెల్లటి యుకతా అంగీ వేసుకుని, ముక్కు తుడుచుకుంటూ.

ఊపిరి అందాక ఆమె జరిగింది చెప్పింది. ఊరు వదిలి వెళ్లేలోగా భర్తకు తనే ఒక మాట చెప్పాలని, పోయినవాళ్లు వెళ్లిపోయే రాత్రి కదా అని, తనూ వచ్చింది. పొగగొట్టం అవతలి పక్క, బాయిలర్లకు గాలి పోయే పెద్ద తూము ఉంది. అది తిన్నగా కింది గదిలోకే తెరుచుకుంటుంది. దానిలోకి వంగి ఏదో చెప్పబోతుంటే లోపల్నుంచి వంటగది, బాయిలర్ గది అంటూ మాటలొచ్చాయి. ఎవరూ అని అడిగింది. కన్‌సుకె పేరు విన్నాక నవ్వాలో పారిపోవాలో తెలియలేదట. రాళ్ల మీద మిగిలిన ఖాళీలో అటు గొట్టం మాట ఇటు తూములోకి, ఇటు తూము మాట అటు గొట్టంలోకి పోతోందన్నమాట.

"ఆయన గొంతుతో అడగడం తప్పే. కానీ నా మొహం చూసి మీరెప్పుడూ ఏదీ చెప్పరు కదా. ఏం చెబుతారో వినాలనిపించింది," అంది. తను అన్నగారింటికి వెళ్లడం లేదని కూడా చెప్పింది.

కన్‌సుకె నవ్వాడు. భయం దిగిపోతుంటే వచ్చే నవ్వు, ఆగదు. పెళ్లికూతురి కోసం పెళ్లికూతుర్నే అనుమతి అడిగిన మగాడు లోకంలో తనొక్కడేనన్నాడు. వీపంతా నూడుల్స్ వేలాడుతున్నాయని మినె చెప్పాక ఇంకా నవ్వాడు. ఆమె ఒక్కొక్కటే ఏరి పారేసింది. ఇద్దరూ పలక దగ్గరికి వచ్చారు. ఈసారి కన్‌సుకె పలక మీద రెండు కాళ్లతోనే నడిచాడు, ఆమె చూస్తోందని.

నడుమకొచ్చాక అన్నాడు, "అన్నీ బాగానే ఉన్నాయి. ఆ అన్నం మాట కూడా అనాలా? నా ప్రాణం పోయిందనుకోండి."

మినె ఆగింది.

"ఏ అన్నం మాట?"

"అదే... మాడ్చొద్దని. చివర యోసోరో అని."

"అది మీరు కాదూ అన్నది?"

కింద నీళ్లు పలకను తాకుతున్నాయి.

"మీరు అనుమతి అడిగాక నేనింకేం అనలేదు. ఏడుస్తున్నాను, గొంతు రాలేదు," అంది మినె. "లోపల్నుంచి ఆ మాటలొచ్చాయి. మీరే అడిగి మీరే అప్పజెప్పుకుంటున్నారనుకున్నాను. అది నౌకాదళం అలవాటేమో అనుకున్నాను." గొంతు తగ్గించింది. "కన్‌సుకె గారూ... మీరు అన్నం మాడుస్తారా?"

ఆ సంగతి అప్పటికి ఊళ్లో ఎవరికీ తెలియదు. చెప్పగలిగినవాళ్లు ఎవరూ ఈ ఊళ్లో ఉండిపోలేదు.

ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. ఇసోగిరి నల్లగా, ఒరిగి, ఎప్పట్లాగే ఉంది. కన్‌సుకె పారిపోలేదు. ఎంతో పారిపోవాలనిపించినా పారిపోలేదు. ఓడ వైపు తిరిగి నడుం వంచి నమస్కరించాడు. మినె అతనికంటే ఎక్కువసేపు వంగి ఉంది. లేచాక ఆమె మొహం తేలికపడిందని, అన్నేళ్లలో ఆ మొహం తను మొదటిసారి చూశానని కన్‌సుకె చెబుతాడు.

శరదృతువులో పెళ్లయింది. మేమందరం వెళ్లి తిన్నాం, ఎక్కువే తిన్నాం. ఆ రాత్రి తర్వాత ఓడలోంచి ఎవరికీ ఏ గొంతూ వినిపించలేదు. అయినా చీకటి పడ్డాక మేం అటు వెళ్లం. ధైర్యం లేక కాదు, అలవాటు పోగొట్టుకోవడం దేనికని.

కన్‌సుకె ఇప్పుడు అన్నం వండుతున్నాడు. ఇంట్లో రోజూ అతనే వండుతాడు, మినెను పొయ్యి దగ్గరికి రానివ్వడు. కుండ ముందు గొంతుక్కూర్చుంటాడు. ఎవరు పిలిచినా లేవడు, ఎంత మాట్లాడించినా తల తిప్పడు. మూత పక్కనుంచి ఆవిరి బుసబుసమని లేచేటప్పుడు దానిమీదికి వంగి, వంటగది నుంచి, మాడలేదన్నా, అంటాడు. జవాబు వచ్చేదాకా మూత తియ్యడు.

జవాబు వస్తుందా అని మినెను అడిగాను నేను. నవ్వులాటకే అడిగాను.

"మేం రోజూ అన్నం తింటున్నాం కదా," అంది మినె.